మొండిగోడల దగ్గర నీళ్ళడిగే గొంతు

పిల్లలూ, సొంతూరికి ఇంత దూరంలో ఈ కథ మీ చెవిన వేయడానికి మీకు అవ్వ లేదు. అందుకని నేనే చెబుతాను. విన్నది విన్నట్టే... ఒక్క ముక్క కలపను.

బెంగళూరు బొమ్మనహళ్ళిలో గార్మెంట్ ఫ్యాక్టరీ వెనక సగం కట్టి వదిలేసిన ఇల్లొకటి ఉండేది. అక్కడి వాచ్‌మన్ కొడుకు వాంతులు, విరేచనాలతో ఆ మొండిగోడల మధ్యే పోయాడు. అప్పటినుంచీ రాత్రిపూట పసిగొంతు అడుగుతుందట — "నీళ్ళు..." పలికామా, ఇంటిదాకా వెంట వస్తుందట.

తొంభై ఏడు ఎండాకాలం. అనంతపురం నుంచి కూలికొచ్చిన చెన్నమ్మ కూతురు మౌనికకు నాలుగేళ్ళు. పొద్దున్నుంచి అవే వాంతులు, అవే విరేచనాలు.

"చుక్క నీళ్ళు తాపొద్దు. తాపితే ఇంకా పోతాది," అంది అత్త. అందరిదీ అదే మాట. చెన్నమ్మా ఎదురాడలేదు.

రాత్రికి బిడ్డ కళ్ళు గుంటలు పడ్డాయి. ఏడుపు కూడా ఆగిపోయింది.

చెన్నమ్మ బిడ్డను భుజాన వేసుకుంది. ఆసుపత్రిలో తనకు పనికొస్తుందని కాచిన నీళ్ళ సీసా సంచిలో పెట్టుకుంది.

"ఆ ఇంటి ముందర పోవాల గదే! తెల్లారనీ," అంది అత్త.

"తెల్లారేదాకా బిడ్డ ఉండొద్దా? భయమైతే నువ్వు ఇంట్లోనే ఉండత్తా."

అత్త గొణుక్కుంటూ, వేపమండ పట్టుకుని వెంట నడిచింది.

మొండిగోడలు వచ్చాయి. కరెంటు లేదు... కుక్క కూడా మొరగలేదు...

"నీళ్ళు..."

ఎండుటాకు నలిగినట్టుంది ఆ గొంతు.

"పలకొద్దే... పట్టుకుంటాది..." అత్త గుసగుసలాడింది.

చెన్నమ్మ ఆగింది. చీకట్లోకి తిరిగి గట్టిగా అంది — "పట్టుకోనీ! దప్పికన్న బిడ్డను దాటుకొని పోలేను. ఎవురప్పా నువ్వు? రా, తాగు!"

సీసా మూత తీసింది.

మెడ మీద వెచ్చటి ఊపిరి... చెంప మీద చల్లటి చిన్న వేళ్ళు...

"అమ్మా... నాకే..."

భుజం మీది మౌనిక!

"వద్దే," అంది అత్త.

"దెయ్యానికే ఇస్తానన్నా. నా బిడ్డకియ్యనా?"

ఆ గోడ కిందే కూర్చుని, మూతతో కొంచెం కొంచెంగా తాపింది.

ఆసుపత్రిలో సెలైన్ పెడుతూ డాక్టరమ్మ మండిపడింది. "నీళ్ళు ఆపిందెవరు? ఈ వార్డులో సగంమంది పిల్లల్ని ఇట్లే ఎండబెట్టి తెచ్చారు!"

అత్త గోడకు జారగిలబడింది.

"ఆ వాచ్‌మన్ కొడుకు కూడా... రెండు దినాలు నీళ్ళే అడిగినాడు. ఇయ్యొద్దని చెప్పింది నేనే."

మౌనిక బతికింది. ఆ ఇంట్లో గొంతు మళ్ళీ వినిపించిందో లేదో నాకు తెలీదు, తెలియంది చెప్పను.

ఒక్కటే అడుగుతాను. బిడ్డకు విరేచనాలైతే, లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో అర చిన్నచెంచా ఉప్పూ ఆరు చిన్నచెంచాల చక్కెరా కలిపి తాపుతూనే ఆసుపత్రికి పరుగెత్తండి. ఎవరు వద్దన్నా సరే. ఈ కథ రేపు మీ పిల్లలకూ చెప్పండి... చీకటి పడ్డాక చెప్పండి, గుర్తుంటుంది.