నాగదుర్గ నిలువు ఫోటో

"జర పక్కకు జరుగుండ్రి మేడం, కొంగ కనవడ్తలేదు."

నాగదుర్గను మేడం అన్న మొదటి మగవాడు అతనే. ఆ గౌరవం తనకు కాదు, వెనకాల నీళ్లలో నిలబడ్డ కొంగ కోసమని తెలిసేసరికి ఆమెకు ఒళ్లు మండింది.

శుక్రవారం సాయంత్రం. బహ్రెయిన్‌లోని ముహర్రక్‌లో అరాద్ కోట పక్కన సముద్రపు ఒడ్డు. వారమంతా ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసి, పిల్లల్ని చూసుకుని, సెలవు పూట పిన్నితో కలిసి కాస్త గాలి పీల్చుకుందామని వచ్చిన మనిషి ఆమె. తిరిగి చూస్తే ఒక కుర్రాడు ఇసకలో మోకాళ్ల మీద కూర్చుని, మోచెయ్యంత గొట్టం తగిలించిన కెమెరా గురిపెట్టి ఉన్నాడు.

"సముద్రం మీకు వీసా ఇచ్చిన కఫీల్‌దా అండీ?"

"కాదు."

"కొంగ?"

"కొంగ గూడ కాదు."

"మరి నన్ను జరగమనడానికి మీరెవరు?"

"ఫోటో తీసెటోన్ని."

"అయితే దాన్నే జరగమనండి. రెక్కలున్నాయిగా."

కొంగకు తెలుగు ఎంతవరకు వచ్చో గానీ, మర్యాదగా లేచి ఎగిరిపోయింది. కుర్రాడు కెమెరా దించి, పోయిన కొంగను కాసేపు, ఉన్న మనిషిని కాసేపు చూశాడు. రెండో చూపు కొంచెం ఎక్కువసేపే సాగింది.

అతని పేరు కిషన్. మెట్‌పల్లి దగ్గరి పల్లెటూరు. కట్టే భవనాల చుట్టూ ఇనుప గొట్టాలతో పరంజా బిగించడం డ్యూటీ, నువైద్రాత్‌లో లేబర్ క్యాంపులో బస. ఇంటిదగ్గర అందరి లెక్కలో కిషన్ దుబాయిలో ఉన్నాడు. కాదు బహ్రెయిన్ అని సరిదిద్దడం అతను ఎప్పుడో మానేశాడు. శుక్రవారం వస్తే సెకండ్‌హ్యాండ్ కెమెరా మెళ్లో వేసుకుని పిట్టల వెంట పడతాడు. పిట్టలు దొరకనప్పుడు క్యాంపులో వాళ్లకు ఫోటోలు తీస్తాడు. కిషన్ తీస్తే మీసంలో వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తాయని పేరు.

ఆ రోజు క్షమాపణగా నాగదుర్గ చేతికి కెమెరా ఇచ్చాడు. ఆమె కన్ను పెట్టి చూసింది. ఎక్కడో దూరాన నీళ్లలో ఉన్న గులాబీ కొంగలు ముక్కు దగ్గరికి వచ్చేశాయి. కానీ ఒక్కటీ నిలబడదు. అన్నీ జ్వరం వచ్చినట్టు వణుకుతున్నాయి.

"వీటికేమైందండీ?"

"వాటికేం గాలె. వణికేది మీ చెయ్యి. దూరం జూపెట్టే లెన్సు గద, చెయ్యి ఇంత కదిలితే బొమ్మ అంత ఊగుతది. ఇప్పుడు గా బటన్ సగం నొక్కుండ్రి."

సగం నొక్కింది. లోపల ఏదో సన్నగా గుర్రుమంది. కొంగలన్నీ ఒక్కసారిగా బుద్ధిగా నిలబడ్డాయి.

"అమ్మ బాబోయ్! ఇదేం మంత్రం?"

"స్టెబిలైజర్."

పక్కనే వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న పిన్ని సూర్యావతి తల ఎత్తింది. "ఫ్రిజ్జికి పెట్టేదేగా? లో ఓల్టేజీ వస్తే టకటక కొట్టుకుంటుంది. మాకూ ఉండేది."

అది కాదని కిషన్ ఓపిగ్గా చెప్పాడు. లెన్సు లోపల ఒక గాజుబిళ్ల ఉంటుంది. చెయ్యి ఎటు వణికితే అది దానికి ఎదురు జరిగి బొమ్మను నిలబెడుతుంది. నిండు పాలగిన్నె పట్టుకుని నడిచే ఇల్లాలి మణికట్టు రోజూ చేసే పనే ఇది. కాకపోతే ఇల్లాలికి ఆన్, ఆఫ్ స్విచ్చి ఉండదు, లెన్సుకు ఉంటుంది. ఆ స్విచ్చి లెన్సు పక్కన ఎక్కడుందో కూడా చూపించాడు. చూపించకుండా ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం సూర్యావతికి సముద్రపు గాలి అవసరమైంది. అవసరాన్ని గుర్తుచేసేది నాగదుర్గ.

కిషన్‌తో వచ్చిన చిక్కల్లా ఒకటే. ఎంతసేపూ లెన్సు గురించే మాట్లాడతాడు. గాలి ఎటు వీస్తే ఎలా నిలబడాలి, ఊపిరి ఎక్కడ బిగబట్టాలి, మోచేతులు పక్కలకు ఎలా ఆనించాలి. ఆమె కొత్త చుడీదార్ వేసుకొస్తే "గీ రంగుకు ఎక్స్‌పోజర్ జర తగ్గియ్యాలె" అన్నాడు. మనసులో మాట బయటికి రావడానికి ఇతని ఒంటి మీద కూడా ఏదో ఒక పక్కన స్విచ్చి ఉండాలి, అదెక్కడో కనబడి చావదే అని నాగదుర్గ విసుక్కుంది.

ఇంతలో మస్కట్ సంబంధం వచ్చింది.

పెళ్లికొడుకు అచ్చిబాబు ఏసీ మెకానిక్. అతని తల్లి విజయరాణి రావులపాలెంలో ఉంటూ ఫోన్లోనే పెళ్లిచూపులు నడుపుతోంది. ఆవిడ షరతులు స్పష్టంగా ఉన్నాయి. సగం ఫోటో ఒకటి, నిలువు ఫోటో ఒకటి. ఫోన్లో తీసినవి వద్దు, వాటితో ఎవరైనా తెల్లబడతారు. స్టూడియో వద్దు, అక్కడ ఉన్న మచ్చలు పోయి లేని బుగ్గలు వస్తాయి. అసలైన కెమెరాతో, దూరం నుంచి, పిల్లకు తెలియకుండా తీసినట్టు సహజంగా ఉండాలి. పట్టుచీర, కాసులపేరు మాత్రం తప్పనిసరి.

పట్టుచీర కట్టి, కాసులపేరు వేసుకుని, పూలు పెట్టుకుని, ఏమీ తెలియనట్టు సముద్రం ఒడ్డున తిరిగే ఆడపిల్ల అరాద్‌లో సహజంగా ఎక్కడ దొరుకుతుందో ఆవిడ చెప్పలేదు.

"మన కిషనున్నాడుగా!" అంది సూర్యావతి. "నాయనా, మా పిల్లకి పెళ్లి ఫోటో తియ్యాలి. దూరం నుంచి."

"అట్లనే అక్కా, తీస్త," అన్నాడు కిషన్. మొహంలో ఏమీ లేదు. లెన్సు మూత వేసినట్టుంది.

అంత తేలిగ్గా!  తనకు వచ్చింది కోపమేనని నాగదుర్గ తనకు తాను చెప్పుకుంది. తర్వాతి శుక్రవారం సూర్యావతి అతనికి పులిహోర పెడుతుంటే, కెమెరా బ్యాగు పట్టుకుని కూర్చున్న నాగదుర్గ వేలు లెన్సు పక్కకు పోయింది. చిన్న టిక్కుమన్న చప్పుడు. అంతే.

ఫోటోలు వచ్చాయి. పట్టుచీర ఉంది, కాసులపేరు ఉంది, వాటి మధ్య నీటిలో కరిగిన సబ్బులా ఒక మొహం ఉంది.

"ఇదేంటయ్యా, మా పిల్లకి ముక్కు ఎటుపోయింది?"

"గాలి ఎక్కువుందక్కా. మల్ల తీస్త."

మళ్లీ తీశాడు. మళ్లీ పులిహోర, మళ్లీ టిక్కు, మళ్లీ సబ్బు. మీసాల్లో వెంట్రుకలు లెక్కపెట్టించే మొనగాడికి నాగదుర్గ ముక్కు మాత్రం అందలేదు. నువైద్రాత్ క్యాంపులో కిషన్‌కు చెయ్యి పడిపోయిందని చెప్పుకున్నారు. అంతెత్తు పరంజా ఎక్కేవాడి చెయ్యి వణుకుతోందంటే పక్కన పనిచేసేవాళ్లకు భయం కదా. ఫోర్‌మన్ పిలిచి, డాక్టరుకు చూపించుకునేదాకా పైకి ఎక్కొద్దు, కింద సామాన్ మోయమన్నాడట. ఈ మాట బాబాయి వెంకన్న నోట విన్న రోజు నాగదుర్గకు అన్నం సహించలేదు. పెళ్లి తప్పించుకుందామనుకుంది గానీ, అతని పేరు చెడగొడదామనుకోలేదు.

అవతల విజయరాణి ఈ శుక్రవారమే గడువన్నది. సూర్యావతి ఇక లాభం లేదని సత్యప్రసాద్ గారిని పిలిచింది.

సత్యప్రసాద్ గారు మనామాలో ఒక ఆఫీసులో అకౌంట్స్ మేనేజరు. బహ్రెయిన్‌లో తెలుగువాళ్లకు లెన్సుల విషయంలో పెద్దదిక్కు. ఆయన లెన్సు సంచిలోంచి బయటికి రాగా చూసినవాళ్లు తక్కువ. దాని గురించి విననివాళ్లు మాత్రం లేరు.

వెంకన్న తాను నడిపే స్కూలు బస్సులోనే అందర్నీ ఒడ్డుకు చేర్చాడు. సత్యప్రసాద్ గారు లెన్సును పసిపాపలా ఒళ్లో పెట్టుకుని దిగారు.

"నేను తీసేస్తాను, రెండు నిమిషాల పని. ముందు జబ్బేమిటో చూద్దాం. ఏదోయ్ అబ్బాయ్, నీ కెమెరా ఇలా తే." అటూ ఇటూ తిప్పారు. పెద్దగా నవ్వారు. "చూశారా! స్టెబిలైజర్ ఆఫ్‌లో ఉంది. ఇంత లెన్సు కొన్నాడు, స్విచ్చి ఎక్కడుందో తెలీదు. ఇలాంటివాళ్ల చేతికి కెమెరాలు ఇస్తే ఇంతే మరి!"

వెంకన్న నేలకేసి చూశాడు. కిషన్ స్విచ్చి వైపు వింతగా చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఒక్క మాట అనలేదు.

అంటే బాగుండేది. అనకపోవడమే నాగదుర్గ భరించలేకపోయింది.

"ఆయన కాదండీ, నేనే ఆపాను."

సూర్యావతి చేతిలో పూలదండ జారింది. "ఏంటే?"

"అవును పిన్నీ. నువ్వు పులిహోర పెట్టినప్పుడల్లా. తీశాక మళ్లీ ఆన్ చేసేదాన్ని, పోయినసారి మరిచిపోయాను. నాకా మస్కట్ వద్దు."

"నోటితో చెప్పొచ్చుగా!"

"చెప్పాను. నువ్వు పట్టుచీర ఇస్త్రీ చేస్తా వినలేదు."

"ఆగండాగండి," అన్నారు సత్యప్రసాద్ గారు. కుటుంబ కలహాలు ఆయనకు పట్టవు. ఆయన కళ్లు కెమెరా తెర మీద ఉన్నాయి. "ఇది చాలదే. ఇంత వెలుతురులో ఫోటో వెయ్యో వంతు సెకనులో తీసేయొచ్చు. అంత వేగంలో స్విచ్చి ఆపినా వణుకు కనబడదమ్మాయ్. ఇక్కడేమో ముప్పయ్యో వంతు అని ఉంది. అన్ని ఫోటోలకీ అంతే! ఇది దానంతటది పడదు. కావాలని తిప్పితేనే పడుతుంది."

అందరూ కిషన్ వైపు తిరిగారు.

"స్విచ్చి ఒక్కటే ఆపితే ఫోటో బాగానే వచ్చేది. వేగం ఒక్కటే తగ్గిస్తే స్టెబిలైజర్ చాలావరకు కాపాడేది. ఇద్దరూ చెరో చెయ్యి వేస్తేనే గానీ ఇంత అందంగా చెడదు!" అని ఆయన ఉత్సాహంగా ముగించారు. ప్రేమ గురించి అంత చక్కగా చెప్పిన సంగతి ఆయనకు ఇప్పటికీ తెలియదు.

"ఎందుకు తగ్గించావయ్యా?" అంది సూర్యావతి.

కిషన్ సముద్రం వైపు చూశాడు. అక్కడ సాయం దొరకలేదు.

"బాగొస్తే పంపుతరు గదత్తా."



"నేను కొంచెమే ఖరాబ్ చేద్దామనుకున్న," అన్నాడు, ఇక దాచేదేముందన్నట్టు. "గింత ఘోరంగ ఎట్లొస్తున్నయో నాకూ సమజ్ గాలె. నిజంగనే చెయ్యి పోయిందనుకొని డాక్టరు కాడికి గూడ పోయొచ్చిన."

నాగదుర్గకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "మరి ఆ రోజు అంత తేలిగ్గా తీస్తానన్నారే?"

"నేను తియ్యనంటే ఇంకొగలు తీస్తరు. ఆల్లు మంచిగ తీస్తె?"

"ఇదుగో, ముందు నాకు చెప్పు," అంది సూర్యావతి. "నిన్నమొన్నటిదాకా అక్కా అన్నావు. అత్తనెప్పుడయ్యాను?"

"గిప్పుడే."

వెంకన్న పగలబడి నవ్వాడు. "పోనీలేవే. మస్కట్ వాళ్లకి ఫోటో సరిగ్గా రాలేదని చెప్పెయ్. అబద్ధం కూడా కాదు."

సూర్యావతి చాలా మాటలంది. ఇస్త్రీ చేసిన పట్టుచీర గురించి, తిన్న పులిహోర గురించి, మాట ఇచ్చి తప్పితే రావులపాలెంలో తన మొహం ఎక్కడ పెట్టుకోవాలో దాని గురించి. అన్నీ అయ్యాక, "మీ అమ్మ నెంబరు చెప్పు" అంది.

అవతల కిషన్ తల్లి ముత్తెమ్మ ఫోనెత్తి సంబంధం మాట వింది. అవునా కాదా అని కాదు, ఆవిడ అనుమానం వేరే. "మా కిషన్ పిల్లతోని మాట్లాడిండా? నిజమేనా అమ్మా? ఆడు ఇంట్ల గూడ నోరు తెర్వడు గదా!" తర్వాత అడగాల్సిందే అడిగింది. "పిల్ల ఫోటో ఒకటి పంపుండ్రి. నిల్వుది."

సూర్యావతి ఫోను దించి కిషన్ వైపు చూసింది. ఆ చూపులో ఆశీర్వాదం ఎంతో బెదిరింపూ అంతే ఉంది. "విన్నావుగా? ఈసారి ముక్కు కనబడాలి."

సత్యప్రసాద్ గారు దగ్గరుండి స్విచ్చి ఆన్ చేయించారు. వేగం వెయ్యో వంతు పెట్టించారు. కిషన్ దూరంగా పోయి నిలబడ్డాడు, మోచేతులు ఆనించాడు, ఊపిరి బిగబట్టాడు.

నాగదుర్గ ఈసారి ఏమీ తెలియనట్టు నటించలేదు. నేరుగా గొట్టంలోకే చూసింది.

లోపల గాజుబిళ్ల గుర్రుమంటూనే ఉంది. చెయ్యి వణకలేదు. చెయ్యే కాదు, ఏదీ కదల్లేదు, నొక్కాల్సిన వేలితో సహా.

"నొక్కవయ్యా!" అన్నారు సత్యప్రసాద్ గారు. "వెలుతురు పోతోంది!"

"తొందరేం లేదులెండి," అంది నాగదుర్గ, కళ్లు తిప్పకుండా. "నేనెక్కడికీ పోవట్లేదు."