రెండో బ్రేకు

"మేడం, ఒక్క మాట అడగనా? ఈ బండి నడుపుతున్నది నేనా, మీరా?"

కారు నడిరోడ్డు మీద ఠక్కున ఆగిపోయి ఉంది. వెనక వ్యానువాడు హారన్ వాయించేస్తున్నాడు. ఆమె కుడికాలు ఇంకా బ్రేకు మీదే ఉంది. డ్రైవింగ్ స్కూలు కార్లలో నేర్పేవాళ్ల వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్లు తడబడితే తొక్కడానికి. ఈవిడ మాత్రం వాళ్లు తడబడకముందే తొక్కేసేది.

"పిల్లి అడ్డమొస్తుందేమోనని," అంది.

"పిల్లి గోడ మీద నిద్రపోతోందండీ."

"లేస్తేనో?"

అతను కళ్లజోడు సర్దుకుని తీరిగ్గా ఆమె వంక చూశాడు. "అది లేచి, ఒళ్లు విరుచుకుని, గోడ దిగి, రోడ్డు దాటేలోపు నాకు లైసెన్సు కూడా వచ్చేస్తుంది."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతో పాటు ఏడుపూ తన్నుకొచ్చింది. రెండూ మింగేసి, "గేరు వెయ్యండి," అంది.

పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది? భయం ఒక్కటైతే ఎవరికైనా చెప్పుకోవచ్చు. గ్యాస్ కట్టేశానా, చెల్లి ఫోనెందుకు ఎత్తలేదు, ఈ తలనొప్పి మామూలుదేనా. ఒకటి మనసులో కుర్చీ ఖాళీ చేసి వెళ్లీ వెళ్లకముందే ఇంకోటొచ్చి ఆ కుర్చీలో కూర్చునేది. అన్ని భయాలూ చివరికి ఆ కుడికాల్లోకే దిగేవి.

స్కూలు ఆమె పిన్నిది. పిన్నిది మంచి మనసే గానీ నోటికి అడ్డూ అదుపూ లేదు.

"నేర్చుకునేవాళ్లంతా నిన్ను బ్రేక్ మేడం అంటున్నారే. ఈ బ్యాచ్ అయ్యేలోపు ఆ కాలిని అదుపులో పెట్టుకో. లేదంటే కారు దిగి కౌంటర్లో కూర్చో, ఫోన్లెత్తుకుంటూ."

కారు దిగడమంటే ఆమెకి ప్రాణం పోయినట్టే. ప్రపంచంలో ఆమెకి నచ్చిన గది అదొక్కటే, నాలుగు చక్రాల మీద తిరిగే ఆ చిన్న గది.

మర్నాడు క్లాసయ్యాక, ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర అతను అడిగేశాడు. "ఏమైందండీ? పొద్దున్నుంచీ మొహం అలా ఉంది?"

ఎందుకు చెప్పిందో ఆమెకే తెలీదు. చెప్పేసింది. "ఇదివరకు ఒకసారి కౌన్సెలింగ్‌కి వెళ్లాను. కళ్లు మూసుకుని ఊపిరి గమనించమన్నారు. గమనిస్తే గుండె చప్పుడు ఇంకా పెద్దగా వినిపించింది. లేచొచ్చేశాను. నాకు ఇలాంటివి పడవు."

అతను అమ్మతో కలిసి కళ్లద్దాల షాపు నడుపుతాడు. ఏ సంగతి వచ్చినా షాపులోకి తీసుకుపోనిదే అతనికి తోచదు.

"ఒక జత అద్దాలు పడలేదని ఎవరూ గోడలు తడుముకుంటూ ఇంటికి పోరండీ. తిరిగొచ్చి మమ్మల్ని తిడతారు. మేం ఇంకో అద్దం వేసి చూస్తాం."

"అయితే నన్నెళ్లి తిట్టమంటారా?"

"తిట్టడానికైనా వెళ్లండి."

ఆ సాయంత్రం నుంచే మెసేజ్‌లు మొదలయ్యాయి. ఆమె ఒక భయం పంపడం, అతను "ఏం కాదులెండి" అని పంపడం. ఆ రెండు మాటలు చూస్తే చాలు, ఆమెకి గుండెలో చల్లగా ఉండేది. అతని మీద ఇష్టం పుట్టింది కూడా ఆ మాటల దగ్గరే. దాన్ని ఎవరి దగ్గరా దాచుకోలేదు, అతని దగ్గర తప్ప.

అతనన్నట్టుగానే మళ్లీ కౌన్సెలింగ్‌కి వెళ్లింది. ఈసారి వేరే డాక్టరమ్మ. ఆవిడ తిట్లన్నీ ఓపిగ్గా విని, "అది చెడ్డ పద్ధతేం కాదు, చాలామందికి పనికొస్తుంది. మీకు పడలేదు, అంతే. మీ ఈ తెరిపి లేని ఆందోళనని జనరలైజ్డ్ యాంగ్జైటీ అంటారు. దారులు చాలా ఉన్నాయి. అసలు మీకేం కావాలో చెప్పండి," అంది.

"నా కాలు నా మాట వినాలి."

డాక్టరమ్మ నవ్వకుండా దారులు ఒక్కొక్కటే చెప్పింది. ఆలోచనలతో వాదించడం నేర్చుకోవచ్చు. కళ్లు తెరిచే ఉంచి ఒళ్లు వదులు చేసుకోవచ్చు. భయపడ్డది జరుగుతుందో లేదో, ధైర్యం చెప్పమని ఎవరినీ అడక్కుండా, ఆగి చూడొచ్చు. అవసరమైతే మందుల సంగతీ మాట్లాడుకోవచ్చు. అన్నీ విని ఆమె ఒకటి పట్టుకుంది.

"ఆగి చూసేది. నేను పాఠం చెప్పేదీ అలాగే, రోడ్డెక్కించి. కూర్చోబెట్టి చెబితే నాకెక్కదు."

"సరే. కొన్నాళ్లు చూద్దాం, సరిపోకపోతే ఇద్దరం కూర్చుని మారుద్దాం. ఇప్పుడు చెప్పండి, భయమేస్తే ముందు ఎవరినడుగుతారు?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "ఒకాయన ఉన్నారు. ఏం కాదులెండి అంటారు."

"ఆ మాట ఎంతసేపు పనిచేస్తుంది?"

"చేతిలో టీ చల్లారేదాకా."

"తర్వాత?"

"మళ్లీ అడుగుతాను," అని ఆగిపోయింది. నేర్చుకునేవాళ్ల బ్రేకు తను తొక్కినట్టే, తన బ్రేకు అతను తొక్కుతున్నాడు. ఇలా అయితే ఎన్నేళ్లు గడిచినా తనకి బండి రాదు.

తెలిసిందాన్ని నెమ్మదిగా చెప్పొచ్చుగా? ఉహూ. తర్వాతి క్లాసులో, అతను కూడలి తిరుగుతుండగా, ఉన్నట్టుండి అనేసింది.

"ఇకనుంచి ఏం కాదులెండి అని నాకు చెప్పకండి. నేనడిగినా సరే."

అతని మొహం వాడిపోయింది. తనంటే విసుగొచ్చిందనుకున్నాడు. "సరేనండీ," అన్నాడు. తర్వాతి రెండు క్లాసులకీ రాలేదు.

ఆ రెండు రోజులూ ఆమె పడ్డ అవస్థ పగవాళ్లకి కూడా వద్దు. "కోపమొచ్చిందా?" అని టైప్ చేసింది, చెరిపేసింది. అడిగితే అతను లేదంటాడు. టీ చల్లారేదాకా బాగుంటుంది. ఆ తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. ఫోను బోర్లా పెట్టి వంటగదంతా కడిగింది. కడగడం అయ్యాక కూడా భయం అక్కడే ఉంది గానీ, ఇందాకటంత లేదు. అప్పుడు ఫోను తీసి, ప్రశ్న లేని మెసేజ్ ఒకటి పంపింది. "రేపు చివరి క్లాసు. రండి. మీకో మాట చెప్పాలి."

వచ్చాడు. అతనితో పాటు వానా వచ్చింది. కారెక్కి బెల్టు పెట్టుకున్నాడే గానీ పక్కకి తిరగలేదు.

"మీ మాటలు నచ్చక కాదండీ, మరీ నచ్చేసి," అంది ఆమె. "నా బ్రేకు మీరు తొక్కుతున్నారు. నాది నేను తొక్కడం నేర్చుకోవాలి. ఆ మాట మొన్ననే చెప్పాల్సింది."

అతను వైపర్లు వేశాడు. "నేనేమో మా అమ్మతో కూడా చెప్పేసుకున్నాను, మేడంకి నేనక్కర్లేదని."

"అక్కర్లేకపోతే వానలో ఎందుకు పిలుస్తాను? ఫ్లైఓవర్ ఎక్కించండి."

వాలు మొదట్లోనే సిగ్నల్ పడింది. పచ్చదీపం వెలిగేసరికి అతను క్లచ్ వదిలేశాడు, ఇంజను ఆగిపోయింది. కారు మెల్లగా వెనక్కి జారింది. వెనక బండి చాలా దూరంలో ఉంది. ఆమె అద్దంలో వెనక్కి చూసింది. కాలు లేచింది. నిజంగా అవసరమైతే తొక్కుతాను, ఇప్పుడు కాదు, అనుకుని కాలు సీటు కిందికి లాక్కుంది. అతను చటుక్కున హ్యాండ్‌బ్రేకు లాగి, స్టార్ట్ చేసి, మెల్లగా కదిలించి పైకెక్కించేశాడు.

అటు దిగాక కారు పక్కకి తీసి ఆపాడు. "మీరు తొక్కలేదు," అన్నాడు.

"మీరు నడిపారు."

"ఇదే ఊపులో ఇంకోటి కూడా చెప్పేస్తాను. మీరంటే నాకిష్టం. పిల్లి దగ్గర్నుంచీ."

ఆమెకి లోపల పండగైంది. పండగ మధ్యలోనే ఒక భయం వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. పాత అలవాటు, నోరు జారింది.

"మీ అమ్మగారికి నేను నచ్చుతానా?"

అతను నోరు తెరిచాడు. "ఏం కా..." అని ఆగాడు. మింగాడు. అది అతనికి ఫ్లైఓవర్ కంటే కష్టమైంది.

"తెలీదండీ," అన్నాడు.

ఇన్నాళ్లూ ఆమెకి ఎంతమంది ఎన్ని ధైర్యాలు చెప్పారో. తెలీదని ఇంత ప్రేమగా ఎవరూ చెప్పలేదు.

"షాపు తెరిచే ఉంటుందిగా ఈ టైంకి?"

"ఉంటుంది. అమ్మ అక్కడే ఉంటుంది. ఇప్పుడా?"

"ఇప్పుడే. వెళ్లి చూద్దాం."

భయం ఇంకా కుర్చీ దిగలేదు. దాన్ని అలాగే కూర్చోనిచ్చి, కాళ్లు రెండూ సీటు కిందికి లాక్కుని, "గేరు వెయ్యండి," అంది.