టోపీ నీడలో మంట

మధ్యాహ్నపు ఎండ పడవ గదిలోకి ఏటవాలుగా పడుతోంది. స్పిరిట్ పొయ్యి ముందు గొంతుక్కూర్చున్న పిచ్చుక అనే అమ్మాయి మళ్లీ గిన్నెలోకి తొంగిచూసింది. నీళ్లు మరగడం మాట అటుంచి, ఒక్క బుడగైనా లేదు.

ఆ చిన్న తెరచాప పడవ పిచ్చుక మేనత్తది. గది గుమ్మం అవతల చుక్కాని పట్టుకుని కూర్చున్నదీ ఆవిడే. ఈ పూట టీ పని మేనకోడలికి అప్పగించింది. సవ్యంగా చేస్తే ప్రయాణమంతా పొయ్యి పిచ్చుకదే. లేదంటే మళ్లీ కప్పులు కడిగే ఉద్యోగమే.

పిచ్చుక గిన్నె దించింది. మంట కనబడలేదు. స్పిరిట్ అయిపోయి ఆరిపోయిందనుకుని సీసా మూత తీసింది.

“పిచ్చుకా, పొయ్యకు. మూత పెట్టి సీసా ఇటివ్వు.”

అత్త గొంతు పెంచలేదు. ఆవిడ గొంతు పెంచనప్పుడే పిచ్చుకకు భయమెక్కువ.

“ఆరిపోయింది అత్తా.”

“ఆరడం చూశావా, ఆరిందనుకున్నావా?”

పిచ్చుక సీసాకు మూత పెట్టి అందించింది.

అత్త చుక్కానిని తాడుతో బిగించి లోపలికి వచ్చి, తన వెడల్పాటి టోపీని ఎండకు అడ్డం పట్టింది. పొయ్యి మీద నీడ పడింది. ఏమీ లేదనుకున్న చోట పల్చని నీలిమంట మెల్లగా కదులుతోంది.

పిచ్చుక చటుక్కున వెనక్కి జరిగింది.

స్పిరిట్ మంట వెలుగు తక్కువనీ, ఎండలో కంటికి ఆనదనీ అత్త చెప్పింది. మండుతుండగా పోస్తే నిప్పు ధార వెంటే సీసాలోకి పాకుతుందట. మాట్లాడుతూనే పొయ్యికి మూత వేసి మంట ఆర్పింది. పొయ్యి పూర్తిగా చల్లారాకే మళ్లీ స్పిరిట్ పోయనిచ్చింది. టీ బాగా ఆలస్యమైంది. పొయ్యి ఇక తన చేతికి రాదని పిచ్చుక మూతి ముడుచుకుని కప్పులు కడిగింది.

మర్నాడు మధ్యాహ్నం అత్త ఏమీ అనకుండా అగ్గిపెట్టె తెచ్చి పిచ్చుక అరచేతిలో పెట్టింది.

అన్నం సగం ఉడికింది. గిన్నె చప్పుడు ఆగిపోయింది. అత్త చుక్కాని దగ్గర్నుంచే మెడ చాచింది.

“వంటమనిషిగారూ, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. ఆరినట్టుంది, కాస్త స్పిరిట్ పోసెయ్యండి.”

పిచ్చుక సీసా జోలికి పోలేదు. బయటికి వచ్చి అత్త నెత్తిమీది టోపీ తీసుకుంది.

“చూశావా అత్తా, అనుకున్నావా?”

లోపలికెళ్లి గిన్నె దించి, టోపీని ఎండకు అడ్డం పట్టింది. నీడలో నీలిమంట ఇంకా ఊగుతూనే ఉంది. అత్త నాలుక కరుచుకుంది.

స్పిరిట్ పోసే ముందు పిచ్చుక పొయ్యికి మూత వేసి మంట ఆర్పింది. టోపీ తన నెత్తిన పెట్టుకుని, చేతులు కట్టుకుని, పొయ్యి చల్లారేదాకా అక్కడే కూర్చుంది. అత్త ఎంత సణిగినా కదల్లేదు.