పెద్ద చక్రాలు, నానమ్మ నడుము

“మీ నానమ్మగారి నడుము నా మీద పగబట్టిందండీ,” అంది ఫిజియో అమ్మాయి, రెండు చేతులూ తెల్లకోటు జేబుల్లో దోపుకుని.

మనవడు నేల చూపులు చూశాడు. తప్పు చేసినవాడు కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పెట్టుకునే చోటు అదే.

అసలు వీళ్లిద్దరి పరిచయమే గొడవతో మొదలైంది. నానమ్మకి నడుం పట్టేస్తే, తన చిన్న కారు వెనక సీట్లో కూర్చోబెట్టి క్లినిక్‌కి తీసుకొచ్చాడు. కంగారులో కారుని తిన్నగా తీసుకెళ్లి ర్యాంపుకి అడ్డంగా ఆపేశాడు.

“ఇక్కడ పెట్టారేంటండీ? వీల్‌చైర్లు ఎగిరి రావాలా?” అంటూ బయటికొచ్చింది ఆ అమ్మాయి.

“ఐదు నిమిషాలేనండీ.”

“అయితే ఐదు నిమిషాలు ఎగరమంటారా?”

కారు తీశాడు గానీ మనసు మాత్రం అక్కడే ర్యాంపుకి అడ్డంగా వదిలేశాడు. షాపులకి బోర్డులు డిజైన్ చేయడం అతని పని. పైకి కనబడేది బాగుంటే చాలు, లోపల సరుకు సంగతి తర్వాత చూసుకోవచ్చని నమ్మే వృత్తి అది.

ఆ రోజే ఇంకోటి జరిగింది. ఎదురుగా ఓ కారు వచ్చి ఆగింది. దాని చక్రాలు పెద్దవి, తళతళా మెరిసిపోతున్నాయి. ఫిజియో అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి అటే చూసింది. చాలాసేపు చూసింది. మనవడు ఆ చూపుని లెక్క కట్టుకుని తిన్నగా వీల్ షాపుకి వెళ్లాడు.

“పద్దెనిమిది అంగుళాలు వేసేయండి బ్రదర్. కారు పులి అయిపోద్ది,” అన్నాడు షాపు యజమాని.

“మరి కుదుపు ఉండదా?”

“కుదుపంటారేంటి బ్రదర్! దాన్ని రోడ్ ఫీల్ అంటారు.”

రోడ్ ఫీల్ నిజంగానే వచ్చింది. రిమ్ము పెరిగింది కాబట్టి రబ్బరుకి చోటు తగ్గిపోయింది. మెత్తగా గాలి ఉండాల్సిన చోట సన్నటి నల్ల పట్టీ ఒకటి మిగిలింది. దారిలో గులకరాయి పడి ఉంటే, అది ఏ రంగుదో కూడా సీట్లో వాళ్లకి తెలిసిపోయేది. కారు మాత్రం నాన్న బూట్లు తొడుక్కున్న పిల్లాడిలా తయారైంది. ఆఫీసులో అందరూ దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు. ఎక్కుతారా అంటే ఎవరికీ తీరిక లేదు.

ఆ కార్లోనే నానమ్మ వారం వారం ట్రీట్‌మెంట్‌కి రావడం మొదలుపెట్టింది. వచ్చేటప్పుడు వంగిపోయి వచ్చేది. గంటసేపు చికిత్స అయ్యాక నిటారుగా వెళ్లేది. మళ్లీ వచ్చేటప్పటికి మొదటికొచ్చేది.

ఫిజియో అమ్మాయికి అంతు చిక్కలేదు. వ్యాయామాలు మార్చింది. పరుపు గురించి అడిగింది.

“దొంగచాటుగా బట్టలుతుకుతున్నారా మామ్మగారూ?”

“నా కళ్లజోడు కూడా వీడే అందిస్తాడమ్మా,” అంది నానమ్మ.

అన్నీ అడిగింది గానీ ఎలా వచ్చారని అడగలేదు. కార్లోంచి దిగిన మనిషిని ఆ మాట ఎవరు అడుగుతారు? మనవడికి మాత్రం అనుమానం ఎప్పుడో వచ్చింది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా వెనకనుంచి “అమ్మో” అని వినబడుతూనే ఉంది. కానీ చక్రాలు మారిస్తే నడుం బాగవుతుంది, బాగైతే ఇక్కడికి వచ్చే వంక పోతుంది. మనిషి స్వార్థం ఎంత దూరమైనా వెళ్తుంది. నానమ్మ నడుం మీదుగా కూడా వెళ్తుంది.

“సోమవారం నుంచి మామ్మగారిని పెద్ద డాక్టరుగారే చూస్తారు,” అంటోంది ఇప్పుడు ఫిజియో అమ్మాయి. “నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను. నా పేషెంటుకి తగ్గలేదంటే నాకు పని రాదనేగా అర్థం? నాకూ అదే అనిపిస్తోంది, రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు.”

మనవడి మనసు చివుక్కుమంది.

“మీకు పని బాగా వచ్చండీ. తప్పు నా కారుది. కాదు, నాది,” అంటూ మొత్తం కక్కేశాడు. “ఆ రోజు కిటికీలోంచి ఆ చక్రాల్ని మీరు అంతసేపు చూశారు కదా...”

“చక్రాల్నా? అందులోంచి నడుం పట్టుకుని దిగుతున్న ఆయన్ని చూశానండీ! రేపో మాపో నా దగ్గరికే వస్తాడనుకున్నా!”

ఆమె మొహం ఎర్రబడింది. అతన్ని తిన్నగా పెద్ద డాక్టరు గదిలోకి నడిపించింది. అక్కడ కూడా చెప్పాడు, ఒక్క ముక్క మింగకుండా.

“ఇంతకీ ఎవరి కోసం వేయించావు ఆ చక్రాలు?” అన్నాడు పెద్ద డాక్టరు.

మనవడు మళ్లీ నేల చూపులు చూశాడు. ఫిజియో అమ్మాయి గోడ గడియారం వైపు చూసింది.

“సరే. కేసు ఈవిడ దగ్గరే ఉంటుంది,” అన్నాడాయన, నవ్వు ఆపుకుంటూ.

బయటికి రాగానే ఆమె చెయ్యి చాపింది. “తాళాలివ్వండి. మీరు వెనక కూర్చోండి.”

నానమ్మని క్లినిక్‌లో పడుకోబెట్టి, అతన్ని ఆవిడ సీట్లో కూలేసి, ఊళ్లో ఉన్న గుంతలన్నీ వెతికి వెతికి మరీ తిప్పింది. అతని తల పైకప్పుకి తగిలింది. వెన్నులో ఏదో కలుక్కుమంది. అప్పుడుగానీ నానమ్మ ఏం భరించిందో అతనికి తెలియలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“క్షమించండి. నిజానికి మీరంటే నాకు—”

గుంత.

“చాలా—”

స్పీడ్ బ్రేకర్. నాలుక కరుచుకున్నాడు.

ఆమె కారు పక్కకి ఆపింది. స్టీరింగ్ మీద తల పెట్టుకుని నవ్వింది, కోపమంతా దిగేదాకా నవ్వింది.

“ఇలా ముక్కలు ముక్కలుగా చెబితే కుదరదు. ముందు మామ్మగారి నడుం బాగవ్వాలి. ఆ తర్వాత వాక్యం పూర్తిగా చెప్పండి, వింటాను.”

ఆ సాయంత్రమే పాత చక్రాలు ఎక్కాయి. కారు మళ్లీ మామూలు కారైపోయింది. ఎవరూ ఫొటో దిగలేదు. నానమ్మ మాత్రం వెనక సీట్లో హాయిగా కునుకు తీయడం మొదలుపెట్టింది.

కొన్నాళ్లకి ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కారు దాకా నడిచి వచ్చి, తలుపు తీసుకుని కూర్చుంది. ఫిజియో అమ్మాయి వెనకాలే వచ్చి నిలబడింది. మనవడు గొంతు సవరించుకున్నాడు.

“నేను... మి... మిమ్మల్ని...”

“కారు ఆగే ఉంది కదండీ. ఇంకా ఈ కుదుపేంటి?”

“ఇది కారుది కాదండీ. నాది.”

“తొందరగా చెప్పి చావరా!” అంది నానమ్మ లోపల్నుంచి. “ఇందుకోసమే కదా, అన్ని కుదుపులూ నోరు మూసుకుని భరించాను!”

ఇద్దరూ తెల్లబోయారు.

“మీకు ముందే తెలుసా మామ్మగారూ?”

“నా నడుముకి తెలియదటమ్మా? నాకు తగ్గిపోతే వీడు నీ దగ్గరికి ఎలా వస్తాడు? నీ ఉద్యోగానికే ఎసరు వస్తుందని మాత్రం తెలియలేదు. తెలిస్తే మొదటి రోజే చెప్పేదాన్ని.”

మనవడు ఈసారి వాక్యం పూర్తి చేశాడు. ఫిజియో అమ్మాయి వంగి నానమ్మ వీపు వెనక దిండు సర్దింది.

“ఇంక రేపట్నుంచి ఇక్కడికి రానక్కర్లేదు,” అంది.

మనవడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

“మామ్మగారికి చెబుతున్నానండీ,” అంది ఆమె. “మీరు రండి.”