ఆయుధపూజ ఫోటోల్లో చైత్ర

“ఎవర్ని అడిగి నా పేరు పెట్టినావప్పా?”

నాలుగేళ్ల తర్వాత ఫోన్ చేసిన చైత్ర అన్న మొదటి మాట అది. బెళ్ళందూరు ఆఫీసులో ఉన్న మునీంద్రకు గొంతు వెంటనే తెలిసింది. విషయం మాత్రం అర్థం కాలేదు.

ముందురోజు ఆఫీసులో ఆయుధపూజ చేశారు. ల్యాప్‌టాప్‌లకు కుంకుమ బొట్లు పెడుతుంటే అతనికి జిగణి ఫ్యాక్టరీ, అక్కడి నూనె వాసన గుర్తొచ్చాయి. తను అక్కడ పనిచేసిన ఆరేళ్లలో తీసిన పూజ ఫోటోలను, ఏడాదికొకటి చొప్పున, ఒక సైట్‌లో పెట్టాడు. ఆ సైట్ ఈమధ్యే ముఖాలు గుర్తుపట్టి తనంతట తానే పేర్లు తగిలిస్తోంది. ఎవరినీ అడగదు. వద్దనుకున్నవాళ్లే సెట్టింగ్స్ వెతికి ఆపుకోవాలి. ఆరు ఫోటోల్లోనూ చైత్ర పేరు వెలిసింది. పాత సూపర్‌వైజర్ దేవరాజ్ కింద రాశాడు: “మునీంద్రా, పూజ లేత్ మిషన్‌కా, పక్కనుండే పాపకా?”

చైత్ర ఇంకా ఆ ఫ్యాక్టరీలోనే, స్టోర్స్‌లో పనిచేస్తోంది. పొద్దున్నుంచి అందరూ అదే నవ్వు. పేర్లు తీసేస్తానంటే ఆమె ఒప్పుకోలేదు, తన కళ్లముందే తీయాలంది.

సాయంత్రం చందాపురలో, బేకరీ రేకుల కింద ఇద్దరూ నిలబడ్డారు. వాన సన్నగా పడుతోంది.

“ఒట్టు చైత్రా, నేను మిషన్లనే తీసినాను. నువ్వుండావని కూడా చూడలేదు.”

ఆ మాటతో ఆమె కోపం తగ్గుతుందనుకున్నాడు. ఆమె ముఖం చిన్నబోయింది.

“ఆరేండ్లలో ఒక్కసారి కూడానా?”

అతను తన ఫోన్‌లో మొదటి ఫోటో తెరిచాడు. బంతిపూల దండ వేసిన లేత్, చుట్టూ జనం. అందరూ పగిలిన గుమ్మడికాయను చూస్తున్నారు. అంచున నిలబడిన చైత్ర ఒక్కతే కెమెరా వైపు చూస్తోంది. రెండో ఏడు చీర మారింది, మూడో ఏడు జడ పొట్టిదయింది. చూపు మాత్రం మారలేదు.

మునీంద్ర వేలు ఆగిపోయింది. ఆ రోజుల్లో ఆమె వైపు చూస్తే తన మనసు బయటపడుతుందని భయపడి, కెమెరాను మిషన్ల మీదే ఉంచేవాడు. ఆమె తననెప్పుడూ చూడలేదన్న నమ్మకంతోనే ఆ ఉద్యోగం వదిలేశాడు.

“ఇప్పుడు చూసినావు కదా,” అంది చైత్ర నెమ్మదిగా. “నాకు కోపం దేవరాజన్న మీద కాదు. చెప్పాల్నా వద్దా అని నేను ఇన్నేండ్లు ఆలోచన చేస్తా ఉంటే, ఆ సైట్ నన్నడక్కుండా చెప్పేసింది.”

అతను ఒక్కో ఫోటోలో ఆమె పేరు తీసేశాడు. ఆమె ఫోన్ అడిగి తీసుకుని, ఆ సెట్టింగ్ ఎక్కడుందో చూపించి, ఆమె చేతే ఆపించాడు.

“ఇంక అది ఏమీ చెప్పదు. చెప్పేదుంటే నువ్వే చెప్పు. వద్దంటే నేనేమీ చూడలేదు.”

“చూడలేదా?”

“లేదు.”

“అబద్ధం చెప్పేది కూడా రాదప్పా నీకు.”

ఆమె ఎక్కాల్సిన జిగణి బస్సు వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. ఆమె కదల్లేదు. తడిసిన ఫోన్‌ను చున్నీతో తుడిచి సంచిలో పెట్టుకుని, అతని ముఖంలోకి చూసింది.

“నువ్వంటే నాకిష్టం. ఇది నేను చెప్తా ఉండేది.”

మునీంద్ర తన ఫోన్‌ను జేబులో పెట్టాడు. “మిషన్లనే ఎందుకు తీస్తా ఉంటినో అడగవా?”

“అడగను. నీకు చెప్పాలనుంటే చెప్పు.”

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, మొదటి ఏడాది నుంచి మొదలుపెట్టాడు.