నడుమ వచ్చిన గీత

మూడో కాగితం మీద కూడా గీత వచ్చింది.

త్రినాథరావు ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకు పట్టి చూశాడు. సన్నటి నల్లగీత. పై అంచున మొదలై, అక్షరాల నడుమ నుంచి నిలువుగా దిగి, కింది అంచు దాకా వెళ్లింది. స్కేలు పెట్టి గీసినట్టుంది.

"పొద్దున్న ఇది రాలేదు కదండీ," అన్నాడు.

"రాలేదండి. ఇరవై కాపీలు తీసేం. ఒక్కదానికీ రాలేదు," అన్నాడు గోవిందరాజులు. మెడలోని తువ్వాలుతో నుదురు తుడుచుకున్నాడు.

తలుపు పక్కన నిలబడ్డ త్రినాథరావు కూతురు లక్ష్మీదుర్గ కుడిచేతి పిడికిలి బిగించింది. చూపుడువేలి గోటికింద పసుపు ఉంది. రెండుసార్లు సబ్బుతో కడిగినా పోలేదు.

ఒడిశాలోని రాయగడలో వాళ్లది చింతపండు వ్యాపారం. మునిగుడ నుంచీ కొల్నార నుంచీ బస్తాలు వస్తాయి. ప్రతి లోడుకూ ఒక పర్మిట్టు, ఒక తూకం చీటీ, ఒక లారీ కాగితం. ప్రతిదానికీ మూడేసి కాపీలు. వాటికోసం నాన్న రోజూ బస్టాండు దగ్గర జిరాక్స్ కొట్టుకు నడిచివెళ్తాడు. అక్కడ కరెంటు పోతే వచ్చేదాకా నిలబడతాడు. అందుకే ఈ ఏడు వీధిగదిని ఆఫీసుగా మార్చాడు. టేబులు వచ్చింది, కంప్యూటరు వచ్చింది. ఇక ప్రింటరు రావాలి.

ప్రింటు తీయాలి, జిరాక్స్ తీయాలి, కాగితాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాలి. మూడు పనులూ ఒక్క మిషనే చేయాలి. ఇంకు మిషన్ వద్దని నాన్న ముందే తేల్చేశాడు. చింతపండు సరుకు చూసిన తడిచేతులతో ముట్టుకుంటే ఇంకు అక్షరాలు అలుక్కుపోతాయి. లేజరే కావాలి.

కోరాపుట్ షాపు ఓనరు రెండు లేజరు మిషన్లు చూడడానికి పంపాడు. నిన్న వాటిని రైల్లో తెచ్చినవాడే గోవిందరాజులు. ఈ సాయంత్రం ప్యాసింజరుకు ఒకటి ఇక్కడ ఉండిపోవాలి, ఇంకొకటి ఆయనతో వెనక్కి వెళ్లాలి.

చిన్న మిషన్‌కు మూత ఎత్తి, అద్దం మీద కాగితం పరచాలి. పెద్దదానికి ఆ పని లేదు. నెత్తిమీద పళ్లెంలాంటిది ఉంది. అందులో కాగితాలు పెడితే ఒక్కొక్కటే తనంతట తానే లోపలికి లాక్కుంటుంది, ఆవు గడ్డిపరక లాక్కున్నట్టు. దుర్గకు అదే కావాలి. నిన్నటినుంచి ఆమె కళ్లు దానిమీదే ఉన్నాయి.

రాత్రి అన్నాల దగ్గర నాయనమ్మ కోటేశ్వరమ్మ అంది, "ఏ మిషన్ ఉంటాదో తేలనీ. దానికి మొదటి కాయితం నేనెడతాను. నాలుగు మూలలా పసుపు రాసి, నడుమ బొట్టెట్టి. అప్పుడది మనింటిదైపోతాది."

"కొన్నాక ఎట్టుకో అమ్మా. అంతవరకూ ఎవరూ ముట్టద్దు. పరాయి సొత్తు," అన్నాడు నాన్న.

దుర్గ చెవిలో మాత్రం ఒక్క మాటే మిగిలింది. మనింటిదైపోతాది.

ఈరోజు శనివారం. ఒంటిపూట బడి. నాన్నా గోవిందరాజులూ వంటింట్లో భోంచేస్తుండగా దుర్గ దేవుడి గూట్లోంచి పసుపు తీసి నీళ్లతో తడిపింది. తెల్లకాగితం నాలుగు మూలలా రాసింది. నడుమ కుంకుమబొట్టు పెట్టింది. ఆరేదాకా ఆగితే అన్నాలు అయిపోతాయి. తడిగానే పళ్లెంలో పెట్టి ఆకుపచ్చ బటన్ నొక్కింది. మిషన్ చిన్నగా మూలిగి కాగితాన్ని లాక్కుంది. ఇంక ఇది మనదే అనుకుంది.

బయటికి వచ్చిన కాగితంలో బొట్టు అలుక్కుపోయి ఉంది. అసలునూ కాపీనీ ఒరియా పుస్తకంలో దాచేసింది.

అది గంట కిందటి మాట.

నాలుగో కాగితం. గీత. అయిదోది. గీత.

కరెంటు పోతే బాగుండుననిపించింది దుర్గకు. పోలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

ఆమె పెరట్లోకి వెళ్లింది. నాయనమ్మ చేట ముందేసుకుని చింతపండులో పీచు తీస్తోంది.

"ఏటమ్మి, మొహం అలాగెట్టేవు? కడుపునొప్పా?"

"ఏటీ లేదు."

నాయనమ్మ పాపిట చూసింది దుర్గ. నెత్తి నడుమ నిలువుగా గీత. గోడమీద బీట చూసింది, గీత. బట్టలారేసే తీగ నీడ నేలమీద పడింది, అదీ గీతే. కళ్లు మూసుకుంటే అక్కడా ఉంది.

ఒక్క బొట్టుతో అంత పెద్ద మిషన్ పాడవుతుందా? అవదు. అది దానంతటదే పాడైందేమో. అలా అనుకోగానే కొంచెం గాలి ఆడింది. మళ్లీ గోటికింద పసుపు కనిపించింది. ఆ గాలీ ఆగిపోయింది.

నాన్న కొట్టడు. కొడితే నయం. నిరుడు పర్మిట్టు కాగితం మీద నీళ్లు ఒలకబోసి, పిల్లిమీద పెట్టి చెప్పింది. నాన్నకు తెలిసిపోయింది. రెండురోజులు మాట్లాడలేదు. అన్నం తిన్నావా అని కూడా అడగలేదు. ఆ రెండురోజులూ తను ఇంట్లో ఉందో లేదో దుర్గకే అనుమానం వచ్చింది. ఒకసారి అద్దంలో చూసుకుంది కూడా.

వీధిలో లారీ హారను మోగింది. నాన్న చెప్పులేసుకుని బయటికి వెళ్లాడు.

"అమ్మి, గుక్కెడు నీళ్లిస్తావేటి?" అని గదిలోంచి గోవిందరాజులు కేకేశాడు.

దుర్గ ఎడమచేత్తో గ్లాసు అందించింది.

"కుడిసెయ్యి ఏటైంది? తాకట్టెట్టేవా?"

దుర్గ నవ్వలేదు. పిడికిలి వెనక్కి పెట్టుకుంది.

ఆయన నేలమీద కూర్చున్నాడు. పెద్ద మిషన్ మూత తెరిచే ఉంది. లోపలి అద్దాన్ని అప్పటికే రెండుసార్లు తుడిచాడు. ఆయన మెకానిక్ కాదు. మిషన్లు మోసుకెళ్లి, చూపించి, తిరిగి తెచ్చే పని ఆయనది.

"మాది ఈ రైలుదారిలో కకిరిగుమ్మ," అన్నాడు, దుర్గతోనో మిషన్‌తోనో తెలియకుండా. "రోజూ సూసే దారే. నిన్న సిన్నదాన్ని సీటు కిందెట్టేను. దీన్ని దుప్పట్లో సుట్టి ఒళ్లో ఎట్టుకున్నాను. పసిపిల్లని ఎట్టుకున్నట్టు. అయినా ఒక సొరంగంలో బండి గట్టిగా కుదిపింది. సీకటి. దీని మూల కిటికీ ఊచకి తగిలిందనుకుంటాను."

"తగిలిందా?" అంది దుర్గ.

"అప్పుడైతే తగిలినట్టు లేదు. ఇప్పుడు తలుసుకుంటే తగిలినట్టే ఉన్నాది." ఆయన మిషన్ మూలను వేలితో తడిమాడు. అక్కడ గీరుడు కూడా లేదు. అయినా తల ఊపాడు. "తగిలే ఉంటాది. పొద్దున్న బాగానే పనిసేసినా, లోపలి దెబ్బ ఇప్పుడు బయటపడ్డాది. నేకపోతే గీత ఎందుకొస్తాది? నాదే తప్పు."

దుర్గ పిడికిలి ఇంకా గట్టిగా బిగించింది.

"నిరుడొకటి ఇలాగే పాడై తిరిగొచ్చింది. ఇప్పుడిది. ఇంక ఓనరు నన్ను ఉంచడు. యాభై రెండేళ్లొచ్చేయి. ఇప్పుడు కొత్తపని ఏటి నేర్సుకుంటాను సెప్పు."

ఆయన నీళ్లు తాగి గ్లాసు తిరిగి ఇచ్చాడు.

దుర్గ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. తప్పు తనమీదినుంచి లేచి వెళ్లి ఆయన మీద కూర్చుంది. అయితే తనకు తేలిక కావాలి కదా. కాలేదు. ఇందాక ఒక్క భయమే ఉండేది. ఇప్పుడు రెండయ్యాయి. ఆయన భయం కూడా తనదే అయింది. పైగా, జరగనిదాన్ని ఆయన ఇప్పుడు నిజంగానే నమ్ముతున్నాడు. ఆ సొరంగంలో ఏమీ జరగలేదని ఈ ఊళ్లో తెలిసింది తనొక్కదానికే.

చెప్పుల చప్పుడైంది. నాన్న వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. షాపువాళ్ల ఫారం ముందుకు లాక్కున్నాడు. ఒక్కో మిషన్‌కు ఒక్కో ఫారం. ఎలా పనిచేసిందో రాసి సంతకం పెట్టి పంపాలి.

"రాసేస్తానండి. బండి టైమవుతోంది."

"రాయండి. మిషన్‌ని ఏటీ అనకండి. దారిలో తగిలింది, తెచ్చినోడి పొరపాటని రాయండి."

నాన్న సిరాపెన్ను మూత తీశాడు.

దుర్గ పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి చేతిలో ఒరియా పుస్తకం ఉంది. దాన్ని టేబులు మీద పెట్టి తెరిచింది. నాలుగు మూలలా పసుపు, నడుమ అలుక్కుపోయిన బొట్టు. పక్కన దాని నల్లటి కాపీ.

"నేను ఎట్టేను," అంది.

నాన్న పసుపు కాగితాన్ని చూస్తున్నాడు. ఆయన మొహం మూసుకుపోతోంది. ఆ మొహం దుర్గకు తెలుసు.

గోవిందరాజులు కాగితం అందుకుని తడిబొట్టు ఆరిన చోట వేలు పెట్టాడు. ఆ వేలిని అలాగే గాలిలో ఉంచి, కాగితం వెళ్లే దారిని మిషన్ లోపల వెతికాడు. పెద్ద అద్దం పక్కన ఇంకో అద్దం ఉంది. వేలంత వెడల్పు, సన్నటి పట్టీ. దానివంక ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు. దానిమీద ఆవగింజంత ఎర్రటి మరక.

తువ్వాలు కొస తడిపి తుడిచాడు. పొడి కొసతో మళ్లీ తుడిచాడు. కాగితం పెట్టి బటన్ నొక్కాడు.

గీత రాలేదు.

"ఆవగింజంత," అన్నాడాయన గోడకు జారబడి. "దీనికోసం నేను సొరంగాల దాకా ఎల్లిపోయేను."

మాటలు విని నాయనమ్మ గుమ్మంలోకి వచ్చింది. పసుపు కాగితం చూడగానే సంగతి అర్థమైంది. "దాన్నేటీ అనకురా. పసుపెట్టమని నేనే సెప్పేను," అంది.

తప్పించుకోవడానికి అది మంచి దారి. తలుపు బార్లా తెరిచి ఉంది. దుర్గ ఆ తలుపువైపు ఒక్క క్షణం చూసింది.

"నేదు. నాయనమ్మ కొన్నాక ఎట్టాలంది," అంది.

నాన్న అప్పుడు తలెత్తాడు. "మరి ఎందుకెట్టేవు?"

"పెద్దది మనదైపోతాదని."

ఆయన సొరుగులోంచి గులాబీరంగు తూకం చీటీ ఒకటి తీశాడు. ఉల్లిపొరంత పల్చన. దాన్ని పెద్ద మిషన్ పళ్లెంలో పెట్టాడు. మిషన్ లాక్కుంది. చీటీ సగంలో ఆగి మడతలు పడిపోయింది. గోవిందరాజులు జాగ్రత్తగా బయటికి లాగాడు.

"మన కాయితాలు ఇలాంటివి," అన్నాడు నాన్న. "ఇది మింగలేదు. ఎలాగూ అద్దం మీదే పరుసుకోవాలి, ఈ పళ్లెం మనకి దండగ. సిన్నదే ఉంచుదాం."

దుర్గ తల దించుకుంది. పసుపు పెట్టినా, నిజం చెప్పినా, పెద్దది వెళ్లిపోతుంది.

నాన్న ఫారాన్ని ఆమెవైపు తిప్పాడు. పెన్ను దానిమీద పెట్టాడు.

"మధ్యాన్నం ఈ మిషన్‌కి ఏటైందో ఇందులో రాయాలి. నేను సూడలేదు. సూసింది నువ్వు."

దుర్గ వెంటనే పెన్ను ముట్టుకోలేదు. ఈ కాగితం కోరాపుట్ వెళ్తుంది. ఎప్పుడూ చూడని ఓనరు దాన్ని చదువుతాడు. తన పేరు చదువుతాడు. నాన్న మొహంలోకి చూసింది. ఆ మొహం పూర్తిగా తెరుచుకోలేదు. కానీ మాట్లాడుతోంది.

"ఏ బాసలో రాయాలి?"

"ఓనరు ఒరియా ఆయన," అన్నాడు గోవిందరాజులు. "ఒరియాలో రాయి అమ్మి."

కుడిచేతి పిడికిలి విప్పి పెన్ను పట్టుకుంది. గోటికింది పసుపు అందరికీ కనిపించింది. గుండ్రటి ఒరియా అక్షరాలు వంకర్లు పోయాయి. ఇలా రాసింది:

'తడి పసుపు కాగితం పెట్టింది నేను. అందువల్ల గీత వచ్చింది. తుడిస్తే పోయింది. గోవిందరాజులు గారు మిషన్‌ని ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. ఆయన తప్పు లేదు. బి. లక్ష్మీదుర్గ, అయిదో తరగతి.'

గోవిందరాజులు చదివాడు. తువ్వాలు దులిపి, మడిచి, మళ్లీ మెడలో వేసుకున్నాడు.

"కాపీ ఒకటి మన దగ్గరుండాలి," అన్నాడు నాన్న.

దుర్గ ఫారం అందుకుని పెద్ద మిషన్ దగ్గర ఆగింది.

"ఎట్టనా?" అని గోవిందరాజుల్ని అడిగింది.

"ఎట్టు."

వెంటనే పెట్టలేదు. సిరా మీద ఊదింది. వేలితో అంచు ముట్టుకుని చూసింది. ఆరలేదు. మళ్లీ ఊదింది. వీధిలో గోవిందరాజుల కోసం వచ్చిన రిక్షా బెల్లు కొడుతోంది. అయినా పూర్తిగా ఆరేదాకా ఆగింది. అప్పుడు పళ్లెంలో పెట్టి ఆకుపచ్చ బటన్ నొక్కింది.

మిషన్ చిన్నగా మూలిగి కాగితాన్ని లాక్కుంది.

వేడివేడిగా కాపీ వచ్చింది. దుర్గ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, నాన్న పట్టినట్టే వెలుతురుకు పట్టి చూసింది. నడుమ గీత లేదు. వంకరటింకర అక్షరాలే ఉన్నాయి, తను రాసినప్పటికంటే నల్లగా.