జారని మడత

"మీ బొమ్మకు మెడంతా కనపడతాంది అన్నా. ఎవరూ చూసుకోరా?"

అస్లాం తల తిప్పాడు. దుకాణం గడప దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఉంది. బయట సన్నగా తుంపర పడుతోంది. ఆమె లేతాకుపచ్చ హిజాబ్ మీద చినుకులు పంచదార పలుకుల్లా మెరుస్తున్నాయి. కణత దగ్గర మూడు సన్నని మడతలు, భుజం మీద ఒక చిన్న ముత్యాల పిన్ను. ఒక్క వెంట్రుక కూడా బయటికి లేదు. అయినా కళ్లు తిప్పుకోవడానికి అస్లాంకు కొంచెం సేపు పట్టింది.

"వీడియోలో చూసి కట్టినా," అన్నాడు తడబడుతూ.

"ఫోను తలకిందులుగా పట్టుకుని చూసినట్టుండావు. తప్పుకో."

ప్రొద్దుటూరులోని ఆ సందులో ఖమ్రున్నీసా దుపట్టాల దుకాణం చిన్నదే. భర్త కువైట్‌లో ఉంటే, ఆమె, కొడుకు అస్లాం కలిసి దాన్ని నడుపుతున్నారు. గాజు తలుపు వెనక ఉన్న బొమ్మకు కొత్త కొత్తగా హిజాబ్ కట్టడం అస్లాం పని. ఆ పని తప్ప అతనికి అన్నీ వచ్చు.

వచ్చిన అమ్మాయి పేరు ఇరమ్. ఊరు పెద్దముడియం. డిగ్రీ అయిపోయింది. కుట్టుపని నేర్చుకోవడానికి జమ్మలమడుగు మీదుగా రోజూ బస్సులో ప్రొద్దుటూరు వస్తుంది. ఆమె బొమ్మ తలకు ముందు నూలు టోపీ తొడిగింది. దాని మీద దుపట్టా వేసి, పొడుగు కొనను గుండెల మీదుగా తెచ్చి ఎదుటి భుజం దగ్గర పిన్ను పెట్టింది. రెండే నిమిషాలు.

"చూసినావా? అందంగా కట్టుకోవాలంటే తక్కువ కప్పుకోవాల్సిన పని లేదు," అని బస్సు కోసం పరుగెత్తింది.

ఆ సాయంత్రమే ముగ్గురు ఆడవాళ్లు వచ్చి, బొమ్మకు కట్టినట్టే తమకూ కావాలన్నారు.

మరుసటి వారం బొమ్మ హిజాబ్ మళ్లీ జారింది. ఇరమ్ మళ్లీ వచ్చింది. ఆ తర్వాతి వారం అది చెవి మీదకు వేలాడింది. నాలుగోసారి బొమ్మ కళ్లే మూసుకుపోయి ఉన్నాయి.

"నువ్వు కావాలనే చేస్తాండావు," అంది ఇరమ్.

ఈసారి 'అన్నా' అనలేదు. అస్లాం ఆ సంగతి గమనించి లోలోపల మురిసిపోయాడు.

"ఏంది?"

"ఇంత చెడ్డగా కట్టాలన్నా శానా తెలివుండాల."

అతను నేల వైపు చూశాడు. "నువ్వు వస్తావని."

ఆమె చేతిలోని పిన్ను వేలికి గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకుంది.

"ఆ మాట నాకు కాదు, మీ అమ్మీకి చెప్పు. చెప్పేదాకా ఈ గడప తొక్కను."

మర్నాడు పొద్దున చాయ్ దగ్గర అస్లాం చెప్పేశాడు. ఖమ్రున్నీసా కప్పు కింద పెట్టింది.

"ఆ షోకుల పిల్లా? మడతలంట, ముత్యాల పిన్నంట. అది కప్పుకునేదా, చూపించుకునేదా?"

"నువ్వే చూడు అమ్మీ."

"చూస్తా. అట్ల కట్టుకునే నమాజులో మాదిరి రుకూలో వంగమను, నేలకు నుదురు పెట్టి సజ్దా చేయమను. లేచినాక మెడ కనపడకుంటే అది హిజాబ్. కనపడితే షోకు. షోకు మా ఇంటికొద్దు."

అమ్మీ పెట్టిన పరీక్ష గురించి అస్లాం కబురు చేశాక, శుక్రవారం ఇరమ్ వచ్చింది. ఆడవాళ్లు దుపట్టాలు కట్టి చూసుకునేటప్పుడు తెర లాగి, అస్లాం రోడ్డు మీదకు వెళ్లిపోవడం ఆ దుకాణం పద్ధతి. ఆ రోజూ వెళ్లి, దుకాణానికి వీపు పెట్టి నిలబడ్డాడు.

లోపల ఇరమ్ వంగింది. నేలకు నుదురు ఆనించి లేచింది. ఆమె కట్టుకున్న షిఫాన్ జారుడు గుడ్డ. ముందు కొన పక్కకు పోయింది. మెడ రెండు వేళ్ల వెడల్పు కనిపించింది. ఖమ్రున్నీసా అద్దం చూపించింది.

"మళ్లీ వస్తా ఖాలా," అంది ఇరమ్.

"రా. నేనేం తలుపు మూయలే."

ఇంట్లో ఇరమ్ వాళ్లమ్మ షబీనా సులువైన దారి చెప్పింది. "మడతల్లేకుండా నల్ల దుపట్టా చుట్టుకుని పో. ఒక్క రోజుకు ఏం పోతాది?"

"ఒక్క రోజు దాచిపెట్టి, పెళ్లైనాక నా తీరుగా కట్టుకుంటే అది మోసం కాదా అమ్మీ?"

వారం రోజులు ఇరమ్ ఆ మడతలతోనే బతికింది. షిఫాన్ పక్కన పెట్టి మెత్తని నూలు గుడ్డ తీసుకుంది. పిన్ను తీసేసి మడత లోపల కనపడకుండా టిచ్ బటన్ కుట్టింది. రోజూ ఐదు పూటలా నమాజులో అది నిలుస్తుందో లేదో చూసుకుంది. మనసు అల్లా మీద కాక బటన్ మీద ఉన్నందుకు మన్నించమని ప్రతిసారీ దుఆ చేసుకుంది.

మళ్లీ శుక్రవారం. బయట తుంపర పడుతున్నా అస్లాం ఎప్పటిలా రోడ్డు మీదకు వెళ్లిపోయాడు. ఈసారి ఇరమ్ కట్టుకున్నది వాన వెలిసిన ఆకాశం రంగు. కణత దగ్గర అవే మూడు మడతలు.

ఇరమ్ వంగింది, సజ్దా చేసింది, లేచింది.

"ఇంకోసారి," అంది ఖమ్రున్నీసా.

ఇంకోసారి.

"బస్సెక్కేటప్పుడు కడ్డీ పట్టుకుంటావే, అట్ల చెయ్యెత్తు. ఆ... ఇప్పుడు తల తిప్పు. గబుక్కున!"

ఏదీ కదలలేదు. ఖమ్రున్నీసా దగ్గరికొచ్చి మడతల మీద వేలు పెట్టి, పసిబిడ్డ బుగ్గ తాకినట్టు మెల్లగా నిమిరింది.

"ఇంత కప్పుకునీ ఇంత బాగుండొచ్చని నా వయసప్పుడు నాకెవరూ చెప్పలే," అంది.

తర్వాత స్టూలు మీద కూర్చుంది. "మీ నాయన పేరేంది పాపా?"

"కమాల్ బాషా."

"ఆయన్ను అడగడానికి వస్తా. నికాలో ముందు పిల్ల మాటే అడుగుతారు. అందుకే నేనూ ముందు నిన్నే అడుగుతాండా. మావాడు నీకిష్టమేనా?"

ఇరమ్ తెర వైపు తల తిప్పింది. తెర సందులోంచి రోడ్డు కనిపిస్తోంది. తుంపర కాస్తా పెద్ద వానైంది. జనమంతా అరుగుల కిందకు పరుగెత్తారు. అస్లాం ఒక్కడే దుకాణానికి వీపు పెట్టి అక్కడే నిలబడి ఉన్నాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"ముందు ఆయన్ని లోపలికి పిలవండి ఖాలా," అంది తల వంచుకుని. "శానాసేపట్నుంచి తడుస్తాండాడు."